బొగ్గుపులుసు గాలిని బొగ్గులోకే తిప్పి పంపితే

కిందటిసారి మన సభల్లో, సంగీత విభావరి అర్ధరాత్రి దాటి సాగుతున్న వేళ, కాఫీ కోసం వరసలో నుంచున్నాను. నా ముందున్న పెద్దాయన డికాఫ్ ఉందా అని అడిగి, కప్పు పుచ్చుకుని, నా వైపు తిరిగి "అసలు ఈ కాఫీలోంచి కెఫీన్ ఎలా తీస్తారు బాబూ, మీరంతా ఇంజినీర్లు కదా" అన్నారు. దానికి పద్ధతులు చాలా ఉన్నాయనీ, అందులో ఒకదాన్ని కనిపెట్టింది జర్మనీలోని ఒక బొగ్గు పరిశోధన సంస్థ అనీ చెప్పాను. "కాఫీకీ బొగ్గుకీ రంగు తప్ప సంబంధం ఏముందయ్యా!" అని ఆయన నవ్వారు. అంతలో వరస కదిలింది. లోపల పాట మొదలైంది. నా జవాబు సగంలో ఆగిపోయింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగు, పాతికేళ్ళుగా చేస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రసాయన శాస్త్రం నా వృత్తి కాదు. కానీ పుట్టి పెరిగింది కొత్తగూడెంలో. మా నాన్న బొగ్గు బాయిలో సర్దారుగా పనిచేశారు. ఇప్పుడు ఇల్లు పిట్స్‌బర్గ్‌లో, అంటే మళ్ళీ బొగ్గు మీదే. 1970లలో మనవాళ్ళు ఇక్కడ పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి గుడి కట్టుకున్నప్పుడు, ఆ చుట్టుపక్కల కొండల కింద వందేళ్ళకు పైగా తవ్విన గనులున్నాయని ఎంతమంది ఆలోచించారో తెలియదు గానీ, నాకు మాత్రం ఈ ఊరు మొదటి రోజు నుంచీ కొత్తగా అనిపించలేదు.

మా ఊరి వైపు చెప్పుకునే కథ ఒకటుంది. భద్రాచలం వెళ్ళే యాత్రికులు దారిలో వంటకని పొయ్యికి నల్లరాళ్ళు పేర్చారట. అన్నం ఉడికే లోపు పొయ్యిరాళ్ళే అంటుకున్నాయట. రికార్డుల్లో ఉన్న మాట వేరు. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. కథ నిజమో కాదో గానీ, రాయి అనుకున్నది రాయి కాకుండా పోవడమనే మాట అందులో ఉంది. ఈ వ్యాసంలోనూ జరిగేది అదే.

కార్బన్ డయాక్సైడుకు పాత తెలుగు పుస్తకాల్లో ఒక పేరుంది, బొగ్గుపులుసు గాలి. ఎవరు పెట్టారో గానీ చక్కటి పేరు. బొగ్గు కాలితే వచ్చేది, నీళ్ళలో కలిస్తే పుల్లనయ్యేది. బాయిలో పనిచేసేవాళ్ళకు అది పాత శత్రువు. గాలి ఆడని మూలల్లో, పల్లపు చోట్ల అడుగున పేరుకుంటుంది. మా నాన్న తరం వాళ్ళు చేతిలో మంట దీపం పట్టుకుని దిగేవారు. మీథేన్ ఉంటే మంట పైన నీలపు టోపీ కనిపించేది. దీపాన్ని నేల దగ్గరకు దించినప్పుడు మంట కుంగిపోతే అక్కడ ఊపిరాడదని అర్థం. రెండు వాయువులకూ ఒకటే దీపం.

ఆ బొగ్గుపులుసు గాలినే పట్టుకుని, పీడనం పెట్టి, వెనక్కి బొగ్గులోకే పంపితే ఏమవుతుంది? గత నలభై ఏళ్ళుగా చాలామంది పరిశోధకులు పట్టుకు వేలాడుతున్న ప్రశ్న ఇది. దీనికి మొదలు మాత్రం రెండు వందల ఏళ్ళ వెనక ఉంది.

1822లో ఫ్రాన్స్‌లో కాన్యార్ ద లా తూర్ అనే ఆయన ఒక తుపాకీ గొట్టంలో ద్రవం కొంత పోసి, ఒక రాతి గుండు వేసి, రెండు వైపులా మూసి వేడి చేశాడు. గొట్టాన్ని అటూ ఇటూ దొర్లిస్తూ చెవి ఒగ్గి వినేవాడు. గుండు ద్రవంలో పడినప్పుడు వచ్చే చప్పుడు ఒక వేడి దాటాక మాయమైంది. లోపల ద్రవం అనీ ఆవిరి అనీ తేడా లేకుండా పోయిందన్నమాట. నలభై ఏళ్ళ తర్వాత బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్ ఇదే సంగతిని కార్బన్ డయాక్సైడు మీద గాజు గొట్టాల్లో కళ్ళారా చూశాడు. 1869లో రాయల్ సొసైటీలో ఇచ్చిన ఉపన్యాసంలో దానికి లెక్కలు కట్టి చెప్పాడు. 31 డిగ్రీల సెల్సియస్‌కు రవ్వంత అటు ఇటుగా ఒక హద్దుంది. అది దాటితే ఎంత నొక్కినా ఆ వాయువు ద్రవం కాదు. నేటి లెక్కల ప్రకారం ఆ హద్దు 31 డిగ్రీలు, సుమారు 74 బార్ల పీడనం, అంటే మనం పీల్చే గాలి పీడనానికి 73 రెట్లు. రెండూ దాటిన స్థితినే సూపర్ క్రిటికల్ అంటున్నాం.

ఇంటర్మీడియట్ తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు గుర్తుండాలి, క్రిటికల్ ఉష్ణోగ్రతను మన పుస్తకాల్లో సందిగ్ధ ఉష్ణోగ్రత అన్నారు. ఆ రోజుల్లో ఈ మాటను ఎగతాళి చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు చూస్తే ఇంగ్లీషు మాటకన్నా ఇదే నయం. ద్రవమా వాయువా అంటే చెప్పలేని సందిగ్ధం. ద్రవంలా బరువుగా ఉంటుంది, పదార్థాలను కరిగించుకుంటుంది. వాయువులా పలచగా పారుతుంది, సన్నటి సందుల్లోకి దూరుతుంది.

ఇదేదో ప్రయోగశాలలోనే కనిపించే వింత కాదు. కొత్తగూడెం ఎండలు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళు ఊహించగలరు. మే నెల మధ్యాహ్నం, సబ్‌స్టేషన్ గోడకు తగిలించిన కార్బన్ డయాక్సైడు మంటలార్పే సిలిండర్‌లో పొద్దున ఉన్న ద్రవం మధ్యాహ్నానికి ఉండదు. లోపల ద్రవం, ఆవిరి అని విడివిడిగా ఏమీ మిగలవు. ఎర్ర సిలిండర్లో సూపర్ క్రిటికల్ పదార్థం గోడకు వేలాడుతోందని మా ఊళ్ళో ఎవరూ అనుకోలేదు.

ఇక్కడ ఒక తికమక తీర్చాలి. కృష్ణపట్నం వంటి చోట్ల కట్టినవి సూపర్ క్రిటికల్ పవర్ ప్లాంట్లని పేపర్లో చదివి ఉంటారు. అక్కడ సూపర్ క్రిటికల్ అయ్యేది నీటి ఆవిరి. దాని హద్దు 374 డిగ్రీలు. మన కథలోది బొగ్గుపులుసు గాలి.

1879లో హానే, హోగార్త్ అనే ఇద్దరు ఇంకో ముఖ్యమైన సంగతి చూశారు. హద్దు దాటించిన ఆల్కహాల్‌లో లవణాలు కరిగిపోతున్నాయి. పీడనం తగ్గించగానే ఆ లవణం మంచులా రాలిపడుతోంది. కరిగించడానికీ, తిరిగి వదిలించడానికీ పీడనం ఒక్కటే మీట. మీట తిప్పితే పట్టుకుంటుంది, వెనక్కి తిప్పితే వదిలేస్తుంది. ఈ ఉపాయాన్ని వాడుకోవడానికి ప్రపంచానికి దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు కాఫీ దగ్గరికి వద్దాం. జర్మనీలో రూర్ నది ఒడ్డున ముల్‌హైమ్ అనే ఊళ్ళో, చుట్టూ గనుల మధ్య, 1912లో ఒక బొగ్గు పరిశోధన సంస్థ పెట్టారు. బొగ్గు నుంచి పెట్రోలు లాంటి ఇంధనం చేసే ఫిషర్ ట్రాప్ష్ పద్ధతి 1920లలో అక్కడే పుట్టింది. తర్వాత దానికి డైరెక్టరుగా వచ్చిన కార్ల్ జీగ్లర్ 1963లో నోబెల్ బహుమతి అందుకున్నాడు, అదీ బొగ్గుకు కాదు, ప్లాస్టిక్కుల రసాయనానికి. ఆ సంస్థలోనే కుర్ట్ జోసెల్ అనే శాస్త్రవేత్త 1960లలో వాయువులను హద్దు దాటించి పదార్థాలను విడదీసే పని చేస్తూ, తడిపిన పచ్చి కాఫీ గింజల గుండా కార్బన్ డయాక్సైడును పంపితే కెఫీన్ మాత్రం బయటికొస్తుందనీ, రుచినిచ్చేవి చాలావరకు గింజలోనే ఉండిపోతాయనీ కనిపెట్టాడు. పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు.

కాఫీ గింజలోంచి కెఫీన్ లాగగలిగినది బొగ్గులోంచి ఏం లాగుతుంది? 1970లలో బ్రిటన్ నేషనల్ కోల్ బోర్డు పరిశోధకులు ఈ దారినే పోయారు. అయితే వాళ్ళు వాడింది కార్బన్ డయాక్సైడు కాదు, బాగా వేడిచేసిన టోల్యూన్ వంటి ద్రావకాలు. చమురు ధర ఆకాశానికంటిన రోజులవి. బొగ్గులోంచి నూనె పిండాలన్నది ఆశ. చమురు ధర దిగింది, ఆశా దిగింది. కార్బన్ డయాక్సైడు వంతు వేరే దారిలో వచ్చింది.

దానికి ముందు, బొగ్గంటే ఏమిటో కాస్త చూడాలి. చేతిలోకి తీసుకుంటే రాయి. కొడితే పగులుతుంది. సుత్తి పట్టిన ఎవరైనా రాయే అంటారు. కానీ అది ఒకప్పటి అడవి. కోట్ల ఏళ్ళు నలిగిన చెట్ల పదార్థం, పెద్ద పెద్ద కార్బన్ అణువుల గొలుసులు ఒకదానికొకటి ముడిపడి వలలా తయారైనది. డచ్ గనుల సంస్థలో పనిచేసిన వాన్ క్రెవెలెన్ 1950, 60లలోనే బొగ్గును పాలిమర్ లాగా చూడాలని వాదించాడు. పిరిడిన్ అనే ద్రావకంలో వేస్తే బొగ్గు ఉబ్బుతుంది. రాయి ఉబ్బదు. నీళ్ళలో వేసిన శనగలు ఉబ్బుతాయి.

అదే కాలంలో ఇంకో చిక్కుముడి ఉండేది. బొగ్గు లోపలి రంధ్రాల గోడల వైశాల్యం ఎంతో కొలవాలంటే వాయువును పీల్పించి లెక్కకడతారు. నైట్రోజన్‌తో కొలిస్తే చాలా బొగ్గులకు గ్రాముకు కొద్ది చదరపు మీటర్లు వచ్చేది. కార్బన్ డయాక్సైడుతో కొలిస్తే వందల చదరపు మీటర్లు. ఒకే బొగ్గు, రెండు జవాబులు! చాలావరకు కారణం తేలింది. నైట్రోజన్ కొలత తీసేది సున్నాకు 196 డిగ్రీల కింద. ఆ చలిలో నైట్రోజన్ సన్న రంధ్రాల్లోకి దూరలేదు. కార్బన్ డయాక్సైడు కొలత అంతకన్నా వెచ్చగా తీస్తారు కాబట్టి అది దూరగలదు. కానీ కొంతమందికి ఇంకో అనుమానం మిగిలింది. అది రంధ్రాల గోడలకు అంటుకోవడమే కాక, బొగ్గు పదార్థంలోనే కరుగుతోందేమో? పంచదార గిన్నెను కొలవడానికి నీళ్ళు పోసినట్టు, కొలిచే వస్తువే కొలతను మారుస్తోందేమో?

ఈ అనుమానమే తర్వాతి కథకంతటికీ మూలం.

1986, 87లలో కెంటకీ విశ్వవిద్యాలయంలో రూక్రాఫ్ట్, ఆయన సహచరులు బొగ్గు ముక్కలను కార్బన్ డయాక్సైడులో ఉంచి పొడవు కొలిచారు. పెద్ద పీడనం కూడా కాదు, 15 రెట్లకు మించలేదు. అయినా బొగ్గు ఉబ్బింది, కొన్ని రకాల్లో నాలుగు శాతం దాకా. తక్కువ కార్బన్ ఉన్న బొగ్గు ఎక్కువ ఉబ్బింది. హీలియంలో పెడితే ఈ ఉబ్బు లేదు. ఆ రోజుల్లోనే మరి కొందరు, కార్బన్ డయాక్సైడు పీడనంలో వేడిచేసినప్పుడు బొగ్గు మెత్తబడే ఉష్ణోగ్రత బాగా కిందకు దిగుతోందని గమనించారు. ప్లాస్టిక్ పరిశ్రమలో పనిచేసినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. గట్టి ప్లాస్టిక్‌లోకి కార్బన్ డయాక్సైడు ఎక్కిస్తే అది గొలుసుల మధ్య దూరి, వాటిని కదిలేలా చేసి, మెత్తబరుస్తుంది. బొగ్గులోనూ అదే జరుగుతోందని, గాజులా బిగుసుకున్న వల కొంచెం రబ్బరులా సడలుతోందని జాన్ లార్సెన్ 2004లో రాసిన ఒక సమీక్షా వ్యాసంలో గట్టిగా వాదించారు. ఈ రంగంలో నేను చదివినవాటిలో నాకు నచ్చిన వ్యాసం అది. బొగ్గు రంధ్రాలున్న రాయి మాత్రమే అనుకుని లెక్కలు వేసేవారికి అది హెచ్చరిక.

అప్పటికే లెక్కలు మొదలయ్యాయి మరి. 1990లలో భూతాపం గురించి ఆందోళన పెరిగింది. పవర్ హౌస్ పొగగొట్టంలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడును ఎక్కడ దాచాలి? తవ్వడానికి వీలులేనంత లోతున ఉన్న బొగ్గు పొరలు ఎన్నో ఉన్నాయి. వాటిలో మీథేన్ ఉంది. బొగ్గుకు మీథేన్ కన్నా కార్బన్ డయాక్సైడు మీద మక్కువ ఎక్కువ. ఒక మీథేన్ అణువు ఉండే చోట మామూలు బొగ్గు రెండు దాకా కార్బన్ డయాక్సైడు అణువులను పట్టుకోగలదు. కాబట్టి పైనుంచి దీన్ని పంపితే అది లోపల స్థిరపడుతుంది, మీథేన్ బయటికొస్తుంది, అమ్ముకోవచ్చు. ఖర్చు కొంత తిరిగొస్తుంది. కాగితం మీద ఇంతకన్నా అందమైన ఉపాయం ఉండదు. మామిడికాయ పడుతుంది, రాయి చెట్టు మీదే ఉండిపోతుంది.

సుమారు 800 మీటర్లు దిగితే భూమిలో వేడీ, పీడనమూ రెండూ కార్బన్ డయాక్సైడును హద్దు దాటిస్తాయి. అంటే ఆ లోతు బొగ్గులోకి మనం పంపేది మామూలు వాయువును కాదు, కాఫీలోంచి కెఫీన్ లాగిన ద్రావకాన్ని. ఈ తేడాను మొదట్లో అందరూ అంత పట్టించుకున్నట్టు కనిపించదు.

న్యూ మెక్సికోలో శాన్ హువాన్ బేసిన్‌లో, ఆలిసన్ యూనిట్ అనే చోట, 1995 నుంచి 2001 దాకా నాలుగు బావుల్లోంచి కార్బన్ డయాక్సైడు పంపారు. ప్రపంచంలో ఈ పద్ధతికి అదే మొదటి పెద్ద ప్రయోగం. వాయువు వెళ్ళింది, బొగ్గు పట్టుకుంది. అయితే మొదటి నెలల్లోనే బావులు అంతకు ముందంత సులువుగా మింగడం మానేశాయి. పోలండ్‌లో ఎగువ సైలీషియా బొగ్గు ప్రాంతంలో యూరప్ దేశాలు కలిసి రికోపోల్ అనే ప్రయోగం చేశాయి. 2004లో పంపడం మొదలుపెడితే బావి మింగనని మొరాయించింది. 2005లో బొగ్గు పొరను పీడనంతో పగలగొడితే గాని పని సాగలేదు. మొత్తం మీద లోపలికి వెళ్ళింది దాదాపు 700 టన్నులు. పోలిక కావాలంటే, నార్వేకు చెందిన ఉత్తర సముద్ర భాగంలో స్లైప్నర్ అనే చోట ఉప్పునీటి ఇసుకరాతి పొరలోకి 1996 నుంచి మొదటి పదేళ్ళూ ఏడాదికి సుమారు పది లక్షల టన్నులు వెళ్ళాయి.

జపాన్‌లోని యుబారీ కథ నన్ను ఎక్కువ కదిలించింది. హొక్కైడో దీవిలో అది మా కొత్తగూడెం లాంటి ఊరు, గనుల మీదే పెరిగింది. 1981లో అక్కడి కొత్త గనిలో వాయువు ఒక్కసారిగా విరుచుకుపడి 93 మంది చనిపోయారు. తర్వాత గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2004లో ఆ ఊరి కింద, తొమ్మిది వందల మీటర్ల లోతులో ఉన్న పొరలోకి కార్బన్ డయాక్సైడు పంపడం మొదలుపెట్టారు. ఇక్కడా అదే తంతు. 2006లో ఒక ఉపాయం చేశారు. మధ్యలో నైట్రోజన్ పంపి, ఉబ్బిన బొగ్గును కొంచెం కుంచింపజేసి, మళ్ళీ కార్బన్ డయాక్సైడు పంపారు. వెళ్ళే వేగం పెరిగింది. బొగ్గు మళ్ళీ ఉబ్బింది. వేగం మళ్ళీ తగ్గింది. 2007లో ప్రయోగం ముగిసింది. ఆ సంవత్సరమే యుబారీ పురపాలక సంఘం దివాలా తీసిన ఊరుగా జపాన్ పత్రికల్లో నిలిచింది.

ఎందుకిలా జరిగిందో ఇంజినీర్లకు చెప్పనక్కర్లేదు గానీ, అందరి కోసం చెబుతాను. బొగ్గు పొరలో సహజంగా సన్నటి నిలువు పగుళ్ళుంటాయి. వాయువు నడిచే దారి అదే. పగులు వెడల్పు సగమైతే, అందులోంచి పారేది సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బయట బల్ల మీద పెట్టిన బొగ్గు ముక్క ఒకటి రెండు శాతం ఉబ్బితే ఎవరికీ నష్టం లేదు. కిలోమీటరు మట్టీ రాయీ నాలుగు వైపులా నొక్కిపట్టిన బొగ్గు అదే ఒకటి రెండు శాతం ఉబ్బాలంటే ఖాళీ ఎక్కడిది? తన పగుళ్ళను తానే మూసుకుంటుంది. ఎక్కువ పీల్చేకొద్దీ దారి ఎక్కువ మూసుకుపోతుంది. అదీ బావి చుట్టూ, మనం పంపే చోటే. వచ్చిన అతిథిని ఆదరంగా కూర్చోబెట్టి, వెనక వచ్చేవాళ్ళకు తలుపు వేసినట్టు.

తర్వాత ప్రయోగశాలలు గట్టిగా పనిలో పడ్డాయి. ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ వాళ్ళు 2008లో తమ దేశపు బొగ్గులను సూపర్ క్రిటికల్ కార్బన్ డయాక్సైడులో 150 బార్ల దాకా పెట్టి చూశారు. ఉబ్బు 80 నుంచి 100 బార్ల దాకా పెరిగి, ఆ పైన ఆగిపోయింది. దాదాపు రెండు శాతం. పొరలకు అడ్డంగా ఎక్కువ, పొరల వెంట తక్కువ. పీడనం తీసేస్తే తిరిగి మొదటి కొలతకు వచ్చింది. లార్సెన్ వాదన ప్రకారం మొదటిసారి పీల్చినప్పుడే బొగ్గు లోపలి అమరిక మారుతుంది, మళ్ళీ మునుపటిలా ఉండదు. ఇద్దరిలో ఎవరు ఒప్పు? నా మట్టుకు నాకు రెండూ నిజమే అనిపిస్తుంది. పొడవు తిరిగొచ్చినంత మాత్రాన లోపల అంతా తిరిగొచ్చినట్టు కాదు. ఊరినుంచి తిరిగొచ్చిన మనిషి ఎత్తు మారదు కదా.

మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయంలో రంజిత్ బృందం పట్టుకున్నది బలం సంగతి. 2006లో వియెట్, రంజిత్ కలిసి అచ్చువేసిన పరీక్షల్లో, విక్టోరియా గోధుమరంగు బొగ్గు కార్బన్ డయాక్సైడు పీల్చాక దాని నలగని శక్తి సుమారు 13 శాతం, బిగువు సుమారు 26 శాతం తగ్గాయి. తర్వాత సిడ్నీ ప్రాంతపు గట్టి బొగ్గు మీద చేసిన పనిలో, మామూలు వాయువుగా ఉన్నప్పటి కన్నా హద్దు దాటిన కార్బన్ డయాక్సైడు బొగ్గును ఎక్కువ బలహీనపరుస్తోందని తేలింది. ఐఐటీ బొంబాయి పరిశోధకులు మోనాష్ వాళ్ళతో కలిసి మన దేశపు బొగ్గు మీద కూడా ఈ పరీక్షలు చేసి 2013లో అచ్చువేశారు. అక్కడా కార్బన్ డయాక్సైడు పీల్చాక దారులు బిగుసుకోవడమే కనిపించింది.

కాఫీలో జరిగేది కొంత ఇక్కడా జరుగుతుంది. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు 2006లో చూపించినట్టు, సూపర్ క్రిటికల్ కార్బన్ డయాక్సైడు బొగ్గులో చిక్కుకున్న చిన్న హైడ్రోకార్బన్లను లాగేస్తుంది. అవి ఎటు కదులుతాయి, పైనున్న నీళ్ళలోకి చేరే అవకాశం ఉందా అన్నది వాళ్ళ ప్రశ్న. నీళ్ళుంటే మరో మార్పు. బొగ్గుపులుసు గాలి తన పేరు నిలబెట్టుకుని నీటిని పుల్లన చేసి, పగుళ్ళలో పేరుకున్న సున్నపు ఖనిజాలను కరిగిస్తుంది. అంటే ఒక పక్క ఉబ్బి దారి మూస్తుంది, ఇంకో పక్క సున్నం కరిగించి దారి తెరుస్తుంది. ఏది గెలుస్తుందన్నది ఆ బొగ్గు పుట్టుక మీద, వయసు మీద, తేమ మీద ఆధారపడుతుంది. అందుకే ఒక ఊరి బొగ్గు మీద వచ్చిన అంకెను ఇంకో ఊరికి అంటించడానికి వీల్లేదు.

సాఫ్ట్‌వేర్ వాడిగా నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం మా పిట్స్‌బర్గ్‌లో జరిగిన పని. ఇక్కడి జాతీయ ఇంధన ప్రయోగశాల చొరవతో ఒకే రకం బొగ్గు నమూనాలను పలు ప్రయోగశాలలకు పంపి, ఎంత కార్బన్ డయాక్సైడు పీలుస్తుందో కొలవమన్నారు. 2007లో వచ్చిన రెండో విడత ఫలితాల్లో, దాదాపు 80 బార్ల దాకా అందరి అంకెలూ ఇంచుమించు ఒకటే. ఆపైన ఎవరి దారి వారిది. మేమైతే దీన్ని బగ్ అంటాం, ఎవరో ఒకరి కోడ్‌లో తప్పుంది అంటాం. ఇక్కడ ఒక పెద్ద అనుమానం ప్రకృతి మీదే. 80 బార్ల దగ్గర 35 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు కార్బన్ డయాక్సైడు సుమారు 420 కిలోలు తూగుతుంది. 40 డిగ్రీలకు 280 కిలోలే. థర్మామీటరులో చిన్న పొరపాటు లెక్కలో పెద్ద పొరపాటవుతుంది. పైగా పాత్రలోని బొగ్గు కూడా ఉబ్బుతోంది కాబట్టి, ఖాళీ ఎంతో కూడా నిలకడగా ఉండదు. సందిగ్ధ ఉష్ణోగ్రత అన్న పేరు పెట్టినాయనకు ఇక్కణ్ణుంచే దండం పెట్టాను.

2011లో మా నాన్న ఇక్కడికి వచ్చారు. అప్పటికి రిటైరై చాలా ఏళ్ళయింది. మా ఊరికి దగ్గర్లో పాత గనిని మ్యూజియంగా చూపిస్తారంటే తీసుకెళ్ళాను. రైల్లో లోపలికి వెళ్తుంటే గైడు చెప్పేది ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆయన పైకప్పు కేసి చూస్తూ, ఏ దిమ్మె ఎందుకు పెట్టారో నాకు తెలుగులో చెబుతూనే ఉన్నారు. తిరుగు దారిలో కార్లో నేను ఈ కార్బన్ డయాక్సైడు కథంతా చెప్పాను. బొగ్గు ఉబ్బుతుందంటే ఆశ్చర్యపోలేదు. "బొగ్గు కదులుతది నాయనా, బొగ్గు మాట్లాడుతది, బాయిలో పనిచేసినోడికి ఎరుకే" అన్నారు. మెత్తబడుతుందనగానే మాత్రం కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు. "అంతా మంచిగనే ఉంది గానీ, మేం బాయిలోకి దిగితే దీపం చెప్పేది. మీరు కిలోమీటరు లోతున పెట్టి మూతేసినంక, అక్కడ అదేం చేస్తుందో ఎవరు చెప్తరు?"

నేను సెన్సర్లు అన్నాను, సిమ్యులేషన్లు అన్నాను. ఆయన "ఊ" అన్నారు.

ఆయన ప్రశ్న వెనక ఉన్న చరిత్ర నేను తర్వాత చదివాను. దిగువ సైలీషియాలో, నేటి పోలండ్‌లోని నోవా రూడా చుట్టుపక్కల గనుల్లో, బొగ్గు పొరల్లోనే సహజంగా కార్బన్ డయాక్సైడు ఇమిడి ఉంది. ఎవరూ పంపలేదు, భూమే పంపింది. 1930లో ఒక గనిలో బొగ్గుపొడీ ఆ వాయువూ కలిసి ఒక్కసారిగా బయటికి ఎగదన్ని 151 మంది చనిపోయారు. 1941లో పక్కనే ఇంకో గనిలో అలాగే 187 మంది. మంటలు లేవు, పేలుడు లేదు. ఊపిరాడక పోయారు. పీడనంతో వాయువును ఇముడ్చుకున్న బొగ్గు ముందు మనిషి గునపం పెడితే ఏమవుతుందో ప్రయోగశాలలకు చాలా ముందే అక్కడి కుటుంబాలకు తెలుసు. తవ్వడానికి వీలులేని పొర అని మనం ఇవాళ అంటున్నాం. ఇవాళ వీలులేనిది యాభై ఏళ్ళ తర్వాత వీలు కావచ్చు. మా నాన్న కాలంలో కలలో కూడా అనుకోని లోతులకు ఇప్పుడు యంత్రాలు వెళ్తున్నాయి. బొగ్గు పొరలో కార్బన్ దాస్తే, అది ఏ పొరో ఏ లోతో రాసిపెట్టిన పటం ఆ ఊరి మనవళ్ళకు అందాలి. ఈ ప్రయోగాల నివేదికల్లో టన్నుల లెక్క వెతికినంత సేపూ నేను వెతికింది ఈ పటం గురించిన మాట కూడా.

ఇంత చెప్పాక ఈ ఉపాయం పనికిరాదని నేను తీర్పు చెప్పబోవడం లేదు. మన దేశంలో ఇప్పటికీ కరెంటులో దాదాపు మూడొంతులు బొగ్గుదే. ఆ పొగ ఎక్కడికో పోవాలి. కార్బన్ డయాక్సైడును దాచే పెద్ద ప్రాజెక్టులు చాలావరకు ఉప్పునీటి పొరలవైపు, పాత చమురు క్షేత్రాలవైపు వెళ్ళాయి. బొగ్గు పొరల్లో దాచడం ఇంకా ప్రయోగాల దశ దాటలేదు. చైనాలో, ఆస్ట్రేలియాలో పరిశోధన మాత్రం జోరుగానే ఉంది. ఇందులో వింత ఏమిటంటే, కొందరు ఇప్పుడు ఈ మెత్తబడే గుణాన్నే వాడుకోవాలని చూస్తున్నారు. నీళ్ళకు బదులు సూపర్ క్రిటికల్ కార్బన్ డయాక్సైడుతో బొగ్గు పొరను పగలగొట్టి మీథేన్ తీయాలని. ఒకరికి అడ్డమైనది ఇంకొకరికి పనిముట్టు.

ఈ సభల్లో ఆ పెద్దాయన మళ్ళీ కాఫీ వరసలో కనిపిస్తే ఈ పుట తెరిచి చేతిలో పెడతాను. కాఫీకీ బొగ్గుకీ సంబంధం ఏమిటో ఆయనే చదువుకుంటారు. నేను మటుకు మామూలు కాఫీయే తాగుతాను.